పారబోసిన జిగురు

మా మునగపాక వైపు చెరకు నరికించిన రైతుకి ఆ రాత్రి నిద్ర పట్టదు. నరికిన గెడ మర్నాటి పొద్దుకి గానుగెక్కాలి. సంక్రాంతి చలిలోనైతే ఒక పూట అటూ ఇటూ అయినా చెల్లుతుంది గాని, మాఘం దాటి ఎండ ముదిరాక చెల్లదు. కూలీలు రాకపోయినా, కరెంటు పోయి మోటారు ఆగినా, గానుగ వంతు పక్కవాడికి పోయినా మోపులు కట్టిన చెరకు కళ్లెదుటే పాడవుతుంది. కోసిన చివళ్ల దగ్గర ఎర్రబారుతుంది, పులిసిన వాసన వేస్తుంది. అలాంటి గెడలు ఆడితే వచ్చే రసాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి చూస్తే సన్నని తీగలా సాగుతుంది. పెనంలో పోస్తే పొంగడం ఎక్కువ, తెట్టు కట్టడం తక్కువ. ఎంత కాచినా పాకం ముదరదు. ముదిరిందనుకుని దించితే, దిమ్మ రెండో రోజుకే చెమర్చి కుంగిపోతుంది. మా నాన్న ఆ రసాన్ని వేలితో ముట్టుకుని, పెనం దాకా రానివ్వకుండానే గట్టవతల పోయించేసేవాడు. కొంత పశువుల కుడితిలోకి పోయేది.

తీగలా సాగే ఆ జిగురు పేరు డెక్స్‌ట్రాన్. ఆ పేరు మా నాన్నకి తెలీదు. ఊరొదిలి విశాఖపట్నం వెళ్లి జీవరసాయనం చదివేదాకా నాకూ తెలీదు. తర్వాత నా ఉద్యోగమంతా రక్తం లోంచి, కాలేయం లోంచి, సూక్ష్మజీవుల్ని పెంచిన ద్రావణాల్లోంచి మాంసకృత్తుల్ని వేరుచేసే పనిలోనే గడిచింది. ఆ పని ఏదైనా గుల్ల పదార్థం లేకుండా సాగదు. బొగ్గు, సిలికా, పిండి, సముద్రపు నాచు, చివరికి డెక్స్‌ట్రాన్ గుండ్లు... ఏదో ఒకటి గాజు గొట్టంలో నింపి, పైనుంచి ద్రావణం పోసి, కింద చుక్కలు పట్టుకుంటూ కూర్చోవాలి. ఈ గుల్ల పదార్థాల చరిత్రని పాఠ్యపుస్తకాలు ఏదో యూరపు ప్రయోగశాలలో మొదలుపెడతాయి. నేను బెల్లం పెనం దగ్గర మొదలుపెడతాను. ఊరి మీద మమకారం ఉన్నమాట నిజమే గాని, కారణం అదొక్కటే కాదు. ఆ చరిత్రలో మొదటి నూట యాభై ఏళ్లూ చెరకు రసం, బీట్ రసం వెంటే నడిచాయి.

బెల్లం వండడమంటే నీళ్లు ఇగిర్చడమే అని బయటివాళ్లు అనుకుంటారు. అది సగం పనే. గానుగ లోంచి వచ్చిన రసంలో పంచదారతో పాటు మట్టి, పిప్పి నలుసులు, గెడ మీది మైనం, మాంసకృత్తులు, రకరకాల బంకలు, రంగులు అన్నీ కలిసి ఉంటాయి. వాటిని తీయకుండా కాస్తే నల్లటి ముద్ద మిగులుతుంది. అందుకని రసం వేడెక్కుతుండగా సున్నపు తేట పోస్తారు. పులుపు విరుగుతుంది. వేడికి మాంసకృత్తులు గడ్డకట్టి, మైనాన్నీ మట్టినీ తమతో పట్టుకుని పైకి తేలతాయి. బెండ మొక్కల కాండం దంచి నీళ్లలో పిసికి ఆ బంక పోస్తే ఈ తేలడం ఇంకా బాగా జరుగుతుంది. బెండ బంకలో ఉండేవి పొడవాటి చక్కెర గొలుసులు. అవి నలుసుకీ నలుసుకీ మధ్య ముడులు వేసి తెట్టుని దట్టం చేస్తాయి. మా పెనం దగ్గర తెట్టు తీసే పని ఒక ముసలాయనది. అందరం తాత అనేవాళ్లం. రసం తెర్లకముందే తెట్టు ఎత్తెయ్యాలి. ఒక్కసారి తెర్లిందంటే తెట్టు చితికి మళ్లీ రసంలో కలిసిపోతుంది, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తీయలేడు. చిల్లుల గరిటె పట్టుకుని ఆయన నిలబడ్డంతసేపు పిల్లలం దగ్గరికి పోకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. పొంగు అణగడానికి ఆముదం చిలకరించడం, పాకం బొట్టుని చన్నీళ్లలో వేసి ఉండ కడుతుందో లేదో చూడడం తర్వాతి సంగతులు. పాకం దించాల్సింది సుమారు 118 డిగ్రీల వేడి దగ్గర అని నేను పుస్తకంలో చదువుకున్నాను. నాన్న పొయ్యిలో పిప్పి ఎగదోసేవాడి మీద కేకలేసి ఆపించే క్షణం ఆ అంకెకి ఎంత దగ్గరో, తర్వాత ఒక సెలవుల్లో ల్యాబు థర్మామీటరు తెచ్చి చూసుకున్నాను. నేను తెచ్చిన పరికరం ఆయనకి నచ్చలేదు.

ఈ పనంతా మావైపు ఎంత పాతదో చెప్పే కాగితాలు తక్కువ. కాగితాలకెక్కిన చరిత్ర తెగులుతో మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గోదావరి జిల్లా చెరకుని ఎర్రకుళ్లు తెగులు పట్టుకుంటే, 1902లో సామర్లకోటలో ప్రభుత్వ చెరకు క్షేత్రం పెట్టారు. వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ అక్కడ పనిచేసి, తర్వాత కోయంబత్తూరులో చెరకు వంగడాల సృష్టికి పునాది వేశాడు. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధనా కేంద్రం వచ్చింది. ఇప్పటికీ ఉంది. చెక్క గానుగల స్థానంలో ఇనుప రోలర్లు రావడం అంతకు ముందే మొదలైంది. 1870ల్లో బీహార్‌లోని బీహియాలో ఇద్దరు దొరలు ఎద్దులతో తిప్పే ఇనుప గానుగ తయారుచేసి దేశమంతా అమ్మారు. 1930ల్లో ఏటికొప్పాకలో, తుమ్మపాలలో సహకార చక్కెర మిల్లులు లేచాయి. మిల్లులొచ్చినా మా ఊరివాళ్లు పెనాలు దించలేదు. మిల్లు గేటు దగ్గర బళ్లు బారులు తీరి, చెరకు బండి మీదే ఎండి బరువు తగ్గి, రసం జిగురెక్కి, చివరికి వాళ్లు కట్టిన రేటుకి తల ఊపి రావడం కంటే సొంత పొయ్యి నయమని లెక్క. టన్ను చెరక్కి క్వింటాలు బెల్లం వస్తే మంచి చేను అంటారు.

అసలు పేచీ రంగు దగ్గర. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మని ముందు కంటితో చూస్తారు. బంగారు రంగుంటే ఒక ధర, మధ్యరకానికి ఒకటి, నలుపుకి మరొకటి. ఒకే చేను, ఒకే పెనం, ఒకే చేయి. అయినా నిన్నటి దిమ్మకీ ఇవాళ్టి దిమ్మకీ క్వింటాలు మీద తేడా పడుతుంది. ఒడిశాకీ బెంగాలుకీ వెళ్లే సరుక్కి రంగు మరీ ముఖ్యం. నల్లబెల్లానికి ఇంకో చిక్కుంది. అది సారా బట్టీలకి పోతుందని పోలీసుల అనుమానం. మద్యనిషేధం ఉన్న రోజుల్లో నల్లబెల్లం బస్తా వేసుకుని ఊరు దాటడమంటే సంజాయిషీ చెప్పుకుంటూ దాటడమే. అంచేత రంగు తీయడమన్నది మావాళ్లకి బతుకు సమస్య. ప్రపంచంలో చక్కెర వండిన ప్రతివాడికీ అదే సమస్య. గుల్ల పదార్థాల కథ అక్కడే మొదలైంది.

1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్స్ అనే మందుల దుకాణం రసాయనికుడు టార్టారిక్ ఆమ్లం తయారుచేస్తుంటే ద్రావణం నల్లబడి విసిగించేది. కర్ర బొగ్గు పొడి కలిపి వడకడితే రంగు పోయిందని గమనించాడు. బొగ్గు నలుపు, ద్రావణం తెలుపు! చూసినవాళ్లు నమ్మలేదంటే తప్పు లేదు. 1811లో ఫ్రాన్సులో ఫిగియే అనే ఆయన ఎముకల బొగ్గు ఇంకా బాగా పనిచేస్తుందని చూపించాడు. మరుసటి ఏడే డెరోన్ దాన్ని చక్కెరకి వాడాడు. అప్పుడు యూరపులో నెపోలియన్ యుద్ధాలు. ఓడలు ఆగి చెరకు చక్కెర రాక బీట్ దుంప మీద పడ్డారు. బీట్ రసం రంగూ వాసనా భరించలేనివి కావడంతో ఎముకల బొగ్గు వాళ్ల పాలిట దేవుడైంది. తర్వాత నూరేళ్లపాటు తెల్ల పంచదార అంటే ఎముకల బొగ్గు గుండా దిగిన పంచదారే. స్వదేశీ ఉద్యమ కాలంలో విదేశీ చక్కెర ముట్టకండి, అందులో ఎముకలూ రక్తమూ వాడతారని చేసిన ప్రచారంలో ఉత్త కల్పన తక్కువ. రసం తేర్చడానికి ఎద్దు రక్తం కూడా వాడేవారు. మా సున్నం, బెండ బంక చేసే పనే అక్కడ రక్తంలోని ఆల్బుమిన్ చేసేది. మన దేశంలో చాలా మిల్లులు గంధకపు పొగతో రంగు తగ్గిస్తాయి కాబట్టి ఆ ఎముకల గొడవ మనకి లేదు.

బొగ్గు వడపోత గుడ్డలాంటిదే అని చాలామంది అనుకుంటారు. గుడ్డ నలుసుని ఆపుతుంది. రంగు అణువు నలుసు కాదు, రసంలో కరిగిపోయి ఉంటుంది, ఏ గుడ్డా ఆపలేదు. బొగ్గు లోపల కంటికి కనపడని సందులుంటాయి. ఆ సందుల గోడలకి రంగు అణువులు అంటుకుని ఉండిపోతాయి. దాన్ని బడి పుస్తకాలు అధిశోషణం అంటాయి. గోడ ఎంత ఎక్కువుంటే అంత అంటుతుంది. బాగా చేసిన ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. అంటే ఇంచుమించు పాతిక సెంట్ల చేను. చిటికెడు పొడిలో పావెకరం ఉందని మా నాన్నకి చెబితే, దానికి శిస్తు ఎవరు కడుతున్నారని అడిగాడు.

ఈ కథలోకి తెలుగువాడొకడు వస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నగారు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో పోయారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఆయనకీ అదే జబ్బు చేసింది. అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ కనుక్కున్నాడు. ఇదంతా అందరికీ తెలిసిందే. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక ఆయన బృందం పట్టిన పని ఫోలిక్ ఆమ్లం. ఈ ఆమ్లం దొరికిన దారి బొగ్గులోంచి పోతుంది. కాలేయ సారంలో ఒక సూక్ష్మజీవి పెరుగుదలకి కావలసిన అంశం ఏదో ఉందని తెలుసు, కాని వేల పదార్థాల మధ్య అది రవ్వంత. 1940లో విస్కాన్సిన్‌లో స్నెల్, పీటర్సన్ అనే ఇద్దరు ఆ సారాన్ని నోరిట్ అనే బొగ్గుతో కలిపారు. వాళ్లకి కావలసింది బొగ్గుకి అంటుకుంది. అంటుకున్నదాన్ని తిరిగి కడిగి రాబట్టారు. ఆ పదార్థానికి ఇంకా పేరు లేదు కాబట్టి కొన్నాళ్లు దాన్ని నోరిట్ నుంచి కడిగిన అంశం అనే పిలిచారు. నోరిట్ హాలండ్ సరుకు, చక్కెర రసం రంగు తీయడానికి పుట్టిన బొగ్గు! 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి అదే అంశాన్ని రాబట్టినవాళ్లూ బొగ్గునే ఆశ్రయించారు. 1943లో లెడర్లీలో స్టోక్‌స్టాడ్ కాలేయం నుంచి స్ఫటికాలు తీశాడు. 1945 నాటికి సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. అన్నని తీసుకుపోయిన స్ప్రూకి అది మందయింది. ఇవాళ ఊరి ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే ఫోలిక్ ఆమ్లం. 1948 ఆగస్టులో సుబ్బారావు పోయాడు. యాభై మూడేళ్లు. ఆయన్ని మనం ఏటీపీకీ టెట్రాసైక్లిన్ మందులకీ తలుచుకుంటాం. కాలేయాన్ని గుండల కొద్దీ ఉడికించి, కడిగి, అంటించి, విడిపించి చేసిన ఆ మోటు చాకిరీని ఎవరూ తలుచుకోరు. నా లెక్కలో ఆ చాకిరీయే పెద్దది.

బొగ్గుతో ఒక లోపం ఉంది. అది మొండిది. పట్టుకుంటే వదలదు. చిన్న అణువులకైతే సరే, మాంసకృత్తి లాంటి పెద్ద సున్నితమైన అణువు దానికి అంటితే తిరిగి ప్రాణంతో రావడం కష్టం. మెత్తగా పట్టుకుని మెత్తగా వదిలేది కావాలి. 1903లో వార్సాలో మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త ఆకు పసరుని గాజు గొట్టంలో సుద్ద పొడి గుండా దింపితే ఆకుపచ్చ, పసుపు పట్టీలు విడివిడిగా తేలాయి. ఏ పొడి బాగా పనిచేస్తుందో చూడడానికి ఆయన నూటికి పైగా పదార్థాలు ప్రయత్నించాడు. ఆ జాబితాలో పంచదార పొడి కూడా ఉంది! నీరు తగలనంతవరకూ పంచదార మంచి మెత్తని పొడే. కాని మాంసకృత్తులు నీళ్లలో తప్ప బతకవు, నీళ్లలో పంచదార కరిగిపోతుంది. కరగని పంచదార ఎక్కడ దొరుకుతుంది? ఆ జవాబు చక్కెర మిల్లుల మురికి గొట్టాల్లో అప్పటికే పేరుకుపోయి ఉంది.

యూరపు బీట్ మిల్లుల వాళ్లకి కప్పగుడ్ల ముద్దల్లాంటి జిగురు గడ్డలు ఎప్పటినుంచో తలనొప్పి. గొట్టాలు పూడిపోయేవి, వడపోత ఆగిపోయేది. రసం జిగురెక్కడం సూక్ష్మజీవుల పని అని 1861లో పాశ్చర్ చెప్పాడు. 1874లో షైబ్లర్ అనే జర్మన్ చక్కెర రసాయనికుడు ఆ జిగురుకి డెక్స్‌ట్రాన్ అని పేరు పెట్టాడు. 1878లో వాన్ టీగెమ్ దాన్ని చేసే జీవికి ల్యూకోనాస్టాక్ అని పేరిచ్చాడు. ఆ జీవి మా చేలలోనూ ఉంది, చెరకు కోసిన గాయం దగ్గర కాచుకుని ఉంటుంది. పంచదార అణువు రెండు చిన్న చక్కెరల జంట. ఈ జీవి ఆ జంటని విడదీసి, ఒకదాన్ని తాను తిని, రెండోదాన్ని గొలుసుగా అల్లుకుంటూ పోతుంది. అందుకే పాడైన రసంలో తీపి తగ్గి జిగురు పెరుగుతుంది.

1940ల్లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆర్నె టిసేలియస్ దగ్గర బ్యోర్న్ ఇంగెల్మాన్ అనే యువకుడు ఉండేవాడు. బీట్ రసంలో ఉన్న పెద్ద అణువులేమిటో తేల్చమని స్వీడిష్ చక్కెర కంపెనీ అడిగితే ఆయన వెతికాడు. దొరికింది డెక్స్‌ట్రాన్. ఆండర్స్ గ్రోన్వాల్ అనే సహచరుడితో కలిసి, దీన్ని రక్తం పోయినవాళ్లకి ప్లాస్మా బదులు ఎక్కించవచ్చని చూపించాడు. యుద్ధం రోజులు, రక్తానికి కరువు. ఫార్మాసియా అనే చిన్న మందుల కంపెనీ దాన్ని చేపట్టి, 1950లో ఏకంగా ఉప్సాలాకే మకాం మార్చింది. చక్కెర మిల్లు వాడు పారబోసేది సీసాల్లో ఆసుపత్రులకి చేరింది. టిసేలియస్‌కి 1948లో నోబెల్ వచ్చింది. విద్యుత్తుతో అణువుల్ని వేరుచేయడానికీ, అధిశోషణ విశ్లేషణకీ కలిపి.

తర్వాతి అడుగు ఆయన శిష్యుల వంతు. అంతకు ముందే 1955 ప్రాంతంలో లండన్‌లో లేత్, రత్వెన్ అనే ఇద్దరు ఉబ్బిన పిండి పదార్థాన్ని గొట్టంలో నింపి, పెద్ద అణువులు ముందూ చిన్నవి వెనకా దిగుతాయని చూపించారు. కాని పిండి మెత్తబడి గొట్టం పూడుకుపోయేది. ఉప్సాలాలో యెర్కర్ పొరాత్, ఫార్మాసియాకి చెందిన పేర్ ఫ్లోడిన్ ఇద్దరూ డెక్స్‌ట్రాన్ గొలుసుల్ని ఎపిక్లోరోహైడ్రిన్ అనే రసాయనంతో ఒకదానికొకటి అడ్డంగా కుట్టేశారు. కుట్టిన డెక్స్‌ట్రాన్ నీళ్లలో కరగదు, ఉబ్బుతుంది అంతే. కుట్లు దగ్గరగా ఉంటే సందులు చిన్నవి, దూరంగా ఉంటే పెద్దవి. మొదట దాన్ని విద్యుత్తుతో వేరుచేసే పనికి ఆధారంగా చూశారు గాని, విద్యుత్తు లేకుండానే అది అణువుల్ని సైజు ప్రకారం వేరుచేస్తోందని తేలింది. 1959లో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. అదే ఏడు సెఫడెక్స్ పేరుతో డబ్బాలు అంగట్లోకి వచ్చాయి.

ఇది పనిచేసే తీరు విద్యార్థులకి చెప్పడానికి నేను ఎప్పుడూ మా నూకాలమ్మ జాతరనే వాడుకున్నాను. కొత్త అమావాస్యనాడు అనకాపల్లి వీధిలో పిల్లల్నీ ఏనుగునీ ఒకేసారి వదలండి. పిల్లలు ప్రతి కొట్టులోకీ దూరి, బూరలూ గాజులూ చూసుకుంటూ ఆలస్యంగా గుడి చేరతారు. ఏనుగు ఏ కొట్టులోనూ పట్టదు కాబట్టి నడివీధిన నేరుగా పోయి ముందు చేరుతుంది. గుండ్ల సందుల్లో దూరే ఉప్పు, చిన్న అణువులు వెనకబడతాయి. దూరలేని మాంసకృత్తి ముందు దిగుతుంది. ఎవర్నీ ఎవరూ పట్టుకోరు, అంటించుకోరు. బొగ్గు మొండితనం ఇక్కడ లేదు. మాంసకృత్తి ఎలా వెళ్లిందో అలాగే ప్రాణంతో బయటికొస్తుంది.

నేను విశాఖలో చదివేనాటికి ఈ డబ్బాలు విదేశీ మారకంతో తెప్పించుకోవాల్సిన సరుకు. మా మాస్టారు వాటిని బీరువాలో పెట్టి తాళం తన జేబులో వేసుకునేవారు. జీ-25, జీ-50, జీ-100 అని అంకెలు. అంకె పెరిగేకొద్దీ గుండు ఎక్కువ నీరు తాగుతుంది, సందు పెద్దదవుతుంది. జీ-25 గ్రాము పొడి రెండున్నర మిల్లీలీటర్ల నీరు తాగితే, జీ-100 పది తాగుతుంది. జీ-100ని మామూలు నీళ్లలో నానబెడితే మూడు రోజులు పడుతుంది, మరుగు నీళ్ల తొట్టిలో పెడితే అయిదు గంటలు చాలు. తొందరపడి కర్రతో కలియబెడితే గుండ్లు చితికి గొట్టం మూసుకుపోతుంది. పెనం దగ్గర తాత గరిటె పట్టుకున్న ఓపిక ఇక్కడ పనికొచ్చింది. నింపిన గొట్టం సరిగ్గా ఉందో లేదో చూడడానికి నీలి రంగు అద్దిన పెద్ద డెక్స్‌ట్రాన్‌ని పైన పోస్తాం. నీలి పట్టీ వంకరలేకుండా అడుగుకి దిగితే గొట్టం కుదిరినట్టు. డెక్స్‌ట్రాన్ గుండ్ల మధ్య డెక్స్‌ట్రాన్ ఊరేగింపన్నమాట. ఇంకో చిక్కు, ఎంత కుట్టినా అది చక్కెరే, బూజుకి ఇష్టమే. గొట్టాన్ని వాడకుండా ఉంచేటప్పుడు సోడియం అజైడ్ అనే విషం రవ్వంత కలపకపోతే బూజు పట్టి లోపలినుంచి తినేస్తుంది. చెరకు చేలో ఒక సూక్ష్మజీవి కట్టినదాన్ని ప్రయోగశాలలో ఇంకో సూక్ష్మజీవి విప్పుకుంటుంది.

ఒకసారి నాన్న ఏదో కోర్టు పని మీద విశాఖ వచ్చి నా కోసం ల్యాబుకి వచ్చాడు. గొట్టం పక్కన నిలబడి, చుక్క చుక్కా పడడం కాసేపు చూసి, "ఏటిది నాయనా?" అన్నాడు. చెప్పాను. జిగురు రసం సంగతి కూడా చెప్పాను. ఆయన నమ్మలేదు. డబ్బా మూత తీసి తెల్లటి పొడిని చూపించాను. దాని ధర చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. "మనం పారబోసిందానికి ఇంత డబ్బేటి? ఆళ్లకి ఒక పీపా పంపిద్దుమా?" అన్నాడు. మాస్టారు నవ్వారు గాని నాన్న నవ్వలేదు. నిజానికి ఆయన ప్రశ్నలో అర్థం ఉంది. చెరకు మనది, జిగురు మనది, నష్టం మనది. దాన్నుంచి తీసిన సరుకు మాత్రం డాలర్లు కట్టి తెచ్చుకున్నాం. దోషం స్వీడన్‌ది కాదు. వాళ్ల చక్కెర కంపెనీ వెళ్లి వాళ్ల విశ్వవిద్యాలయం తలుపు కొట్టింది. ఇక్కడ మిల్లు గేటుకీ విశ్వవిద్యాలయం గేటుకీ మధ్య నలభై కిలోమీటర్లే. ఆ దారిన నేను చూసినంతలో నడిచినవాళ్లు తక్కువ.

బెల్లం ఊరు కాబట్టి చక్కెర జబ్బు గురించి చెప్పకుండా వదల్లేను. మా అమ్మ వాడిన ఇన్సులిన్ వెనకా ఈ గుండ్లున్నాయి. పూర్వం పశువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్‌లో మలినాలుండేవి, సూది వేసిన చోట గడ్డలు కట్టేవి. 1967లో డొనాల్డ్ స్టైనర్ ఇన్సులిన్‌కి ముందు దశ అయిన ప్రోఇన్సులిన్ కనుక్కున్నాడు. ఇన్సులిన్ కంటే అది కొంచెం పెద్దది. సెఫడెక్స్ జీ-50 లాంటి గుండ్ల గుండా దింపితే రెండూ విడిపోతాయి. 1970ల్లో అలా శుభ్రపరచిన ఇన్సులిన్ వచ్చాక సూదిమందు బాధ తగ్గింది. 1982 నుంచి సూక్ష్మజీవుల చేత చేయించిన మానవ ఇన్సులిన్ వచ్చింది. దాన్నీ శుభ్రం చేసేది గుల్ల గుండ్లే, డెక్స్‌ట్రాన్ బదులు సిలికావి. మందుల, వ్యాక్సిన్ల తయారీలో ఇప్పుడు సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్ గుండ్లదే రాజ్యం. అగరోజ్ కూడా చక్కెర గొలుసే. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశపు తొలి హెపటైటిస్-బి వ్యాక్సిన్ తెచ్చినప్పుడు, అందులోని మాంసకృత్తి అల్యూమినియం హైడ్రాక్సైడ్ రేణువులకి అంటుకుని సీసాలోకి చేరింది. ఒకచోట అంటుకోవడం మలినం తీయడానికి, ఇంకోచోట మందుకి శరీరం గట్టిగా స్పందించడానికి. సూత్రం ఒకటే.

ఈ రోజుల్లో మునగపాక నుంచి అచ్యుతాపురం వైపు పోతే చెరకు తోటలు తగ్గి, ఫ్యాక్టరీల ప్రహరీలు పెరిగాయి. పరవాడలో ఫార్మాసిటీ ఉంది. మా పెనాల దగ్గర పెరిగిన పిల్లలు కొందరు అక్కడ షిఫ్టు డ్యూటీల్లో స్టీలు గొట్టాలు నింపుతున్నారు. వాళ్ల తాతలు తెట్టు తీసినవాళ్లే. తుమ్మపాల మిల్లు మూతపడింది. మిగిలిన పెనాల మీద మావాళ్లు రంగు కోసం హైడ్రోస్ వాడతారు. బట్టల అద్దకంలో వాడే సోడియం హైడ్రోసల్ఫైట్ అది. పాకంలో చారెడు వేస్తే దిమ్మ నిమ్మపండు రంగులోకి వస్తుంది. నాకు ఒంటికి పడని పని ఇదే. బొగ్గు రంగుని తీసుకుపోతుంది, బెండ బంక మలినాన్ని ఎత్తుకుపోతుంది. హైడ్రోస్ ఏదీ తీసుకుపోదు. రంగు అణువుని కొన్నాళ్లు కనపడకుండా చేస్తుంది, గంధకం మాత్రం దిమ్మలో మిగిలిపోతుంది. గాలి తగిలేకొద్దీ ఆ దిమ్మ మళ్లీ నల్లబడుతుంది. అప్పటికి వ్యాపారి డబ్బిచ్చేసి ఉంటాడు, అదొక్కటే ప్రయోజనం. మరైతే బొగ్గు వాడొచ్చు కదా అని కుర్రాళ్లు అడిగారు. వాడితే బెల్లం మిగలదు. ఆ రంగులోనే వాసన ఉంది, రుచి ఉంది, ఇనుములాంటి ఖనిజాలు ఆ నలుపుతో కలిసి ఉంటాయి. అన్నీ అంటించి తీసేస్తే చేతికొచ్చేది పంచదార. అది చేయడానికి మిల్లులున్నాయి. బెల్లానికి సున్నపు తేట, బెండ బంక, సమయానికి నరికిన గెడ, తెర్లకముందు తెట్టెత్తే చేయి చాలు. అక్కడ ఆగిపోవాలి. దిమ్మ కొంచెం నల్లగానే వస్తుంది, రానివ్వండి. అనకాపల్లి పరిశోధనా కేంద్రం వాళ్లు రసాయనాల్లేని బెల్లం గురించి రైతులకి చెబుతూనే ఉన్నారు. మార్కెట్లో కంటితో ధర కట్టే పద్ధతి మారనంతకాలం రైతుని నిందించి లాభం లేదు. హైడ్రోస్ డబ్బా కొనేది ఆయనే అయినా, దాన్ని కొనిపించేది పసుపుపచ్చ దిమ్మకి పలికే ధర.

నా మట్టుకు నేను బెల్లం కొట్టుకి వెళ్తే నల్లటిదే అడుగుతాను, అదీ అయిదు కిలోలు, పది కిలోలు. పట్నంలో కొట్టువాడు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఎందుకండీ అంత?" అంటాడు. అరిసెలకండీ అంటే, పండగేదీ లేదు కదా అంటాడు. సారా కాచేవాడి ముఖం నాది కాదని ఒప్పించి బయటపడేసరికి, బెల్లం వండడమే సులువనిపిస్తుంది.